సాల్మన్‌కు తీపి-ఉప్పు పూత.. కొలత తప్పితే కష్టమే!

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో ఆరు నెలల కోసమని వెళ్లిన పెద్దవాళ్లకు అక్కడి వంటింట్లో కొత్తగా పరిచయమయ్యే వాటిలో సాల్మన్‌ ఒకటి. తల లేదు, తోక లేదు, పొలుసు కనిపించదు. గులాబీ, నారింజ రంగులు కలిసినట్టుండే పొడవాటి ముక్క. కోడలు దాని మీద సోయా సాస్‌, బ్రౌన్‌ షుగర్‌, వెల్లుల్లి కలిపిన చిక్కటి రసం పోసి, ఓవెన్‌లో పెట్టి పావుగంటలో తీసేస్తుంది. ‘గుండెకు చాలా మంచిది మావయ్యగారూ, ఇంకో ముక్క వేసుకోండి’ అంటుంది. మావయ్యగారికి బీపీ. అత్తయ్యగారికి షుగర్‌. తియ్యతియ్యగా, ఉప్పుప్పగా, పైన మెరుస్తూ ఉన్న ఆ ముక్క ఇద్దరికీ నచ్చుతుంది. అడుగున మిగిలిన రసాన్ని కూడా అన్నంలో కలుపుకొంటారు.

ఇప్పుడు ఆ చేప మన దగ్గరకూ వచ్చేసింది. హైదరాబాద్‌ లాంటి నగరాల్లో పెద్ద సూపర్‌ మార్కెట్ల ఫ్రీజర్లలో దొరుకుతోంది, ఆర్డర్‌ చేస్తే ఇంటికే వస్తోంది. పిల్లలు ఫోన్‌లో వీడియో చూసి ‘అమ్మా, ఇలా చెయ్యవా’ అని అడుగుతున్నారు. చేయండి. చాలా తేలికైన వంట. బొచ్చె చేప తోమి, కోసి, కడిగి, పులుసు పెట్టే శ్రమలో పావు వంతు కూడా ఉండదు. కాకపోతే ఒక్క ప్రశ్న వేసుకుని మొదలుపెట్టండి. చేప గుండెకు మంచిదే. మరి దాని మీద పోసిందో?

అంత ధర పెట్టి ఎందుకు కొనాలి?

సాల్మన్‌ కొవ్వు ఎక్కువగా ఉండే చేప. ఆ కొవ్వే దాని గొప్పతనం. చెరువుల్లో పెంచిన అట్లాంటిక్‌ సాల్మన్‌ అయితే వంద గ్రాముల పచ్చి ముక్కలో దాదాపు 20 గ్రాముల ప్రొటీన్‌, 13 గ్రాముల కొవ్వు, 200కు కాస్త పైగా కెలోరీలు ఉంటాయి. ‘చెరువుల్లో’ అన్నానని మన రొయ్యల చెరువులు ఊహించుకోకండి. నార్వే, చిలీ లాంటి దేశాల్లో సముద్రపు నీటిలోనే పెద్ద పెద్ద వలల మధ్య వీటిని పెంచుతారు. ఆ 13 గ్రాముల కొవ్వులో సుమారు 2 గ్రాములు ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. గుండె ఆరోగ్యం కోసం వారానికి రెండుసార్లు చేప తినమని, అందులోనూ ఇలాంటి కొవ్వున్న చేపలకు ప్రాధాన్యం ఇవ్వమని అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ చెప్పేది వీటి కోసమే. ఒకసారికి వండిన ముక్క 85 గ్రాములు ఉంటే చాలు. అంటే మన అరచేతిలో పట్టేంత. దీనికి తోడు విటమిన్‌-డి, బీ12 కూడా బాగానే దొరుకుతాయి. ఎండ తగలకుండా ఆఫీసుల్లో గడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

అవిసె గింజల్లోనూ ఒమేగా-3 ఉంది కదా అని శాకాహారులు అడుగుతుంటారు. ఉంది. కానీ అది వేరే రకం. దాన్ని మన శరీరం ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మార్చుకోవాలి. ఆ మార్పు చాలా కొద్దిగానే జరుగుతుంది. చేపలో అవి సిద్ధంగా ఉంటాయి.

పేరు చూసి మోసపోకండి

‘ఇండియన్‌ సాల్మన్‌’ అని రాసి ఉన్న ముక్క ధర తక్కువగా ఉందని తెచ్చేసుకుంటున్నారా? అది సాల్మన్‌ కాదు. ముంబయిలో రావస్‌ అని, మన తీరంలో మాగ అని పిలిచే సముద్రపు చేప. రుచిలో ఏ మాత్రం తక్కువ కాదు, పులుసుకు, వేపుడుకు భేషుగ్గా ఉంటుంది. కానీ కుటుంబం వేరు, కండ తెల్లగా ఉంటుంది, సాల్మన్‌లో ఉన్నంత కొవ్వు ఉండదు. మాగ కావాలంటే మాగ అని తెలిసే కొనండి. సాల్మన్‌ ధర మాత్రం దానికి ఇవ్వకండి.

అసలు సాల్మన్‌లోనూ రకాలున్నాయి. ప్యాకెట్‌ మీద ‘అట్లాంటిక్‌’ అని ఉంటే దాదాపుగా అది పెంచిన చేప. ‘సాకై’ అని ఉంటే సముద్రంలో సహజంగా పెరిగి, పట్టుకొచ్చింది. అది ఇంకా ఎర్రగా, పలుచగా, తక్కువ కొవ్వుతో ఉంటుంది. త్వరగా ఉడుకుతుంది, కాస్త ఏమరిస్తే గట్టిపడుతుంది. అమెరికాలో ఉన్నవారికి ఇది తరచూ ఎదురయ్యే తేడా. సాల్మన్‌కు ఆ రంగు అస్టాజాంథిన్‌ అనే పదార్థం వల్ల వస్తుంది. సహజంగా పెరిగే చేపకు అది రొయ్యల్లాంటి చిన్న జీవులను తినడం వల్ల దొరుకుతుంది. పెంచే చేపకు మేతలో కలుపుతారు. రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన ఎక్కువ తాజా అని కాదు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ లోపల మంచు పలుకులు గుట్టగా పేరుకుని ఉంటే, అంచులు తెల్లగా ఎండినట్టు ఉంటే వదిలేయండి. మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు. స్మోక్‌డ్‌ సాల్మన్‌ అని పలుచటి పొరలుగా అమ్మేది ఇంకో సరుకు. దాన్ని ముందే ఉప్పులో ఊరబెట్టి పొగబెడతారు. ఈ వంటకు పనికిరాదు, బీపీ ఉన్నవారికి అసలే వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే స్మోక్‌డ్‌ సాల్మన్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది కాబట్టి గర్భిణులు దాన్ని అలాగే తినకూడదు.

మెరుపు వెనుక లెక్క

తీపి, ఉప్పు కలిపి తినడం మనకు కొత్తేమీ కాదు. బెల్లం ఆవకాయ ఉంది. ముక్కల పులుసులో బెల్లం వేయనిదే దించని ఇళ్లున్నాయి. చేపల పులుసులో కూడా చింతపండు ఘాటు విరగడానికి చిటికెడు బెల్లం వేసేవారున్నారు. సాల్మన్‌కు పట్టించే రసం మాత్రం జపాన్‌ వాళ్ల తెరియాకీ నుంచి వచ్చింది. వాళ్ల భాషలో ‘తెరి’ అంటే మెరుపు, ‘యాకీ’ అంటే కాల్చడం. సోయా సాస్‌, మిరిన్‌ అనే తియ్యటి బియ్యపు మద్యం, కాస్త చక్కెర కలిపి మరిగించి, కాలుతున్న చేప మీద పూస్తారు. అక్కడ అది పూత. అమెరికా వంటిళ్లకు వచ్చేసరికి పూత కాస్తా స్నానమైంది. మిరిన్‌ పోయి బ్రౌన్‌ షుగరో, తేనో, మేపుల్‌ సిరపో వచ్చింది, అదీ కప్పులతో.

అర కిలో చేపకు కప్పులో మూడో వంతు సోయా సాస్‌, అంతే బ్రౌన్‌ షుగర్‌ అనే కొలత మీకు తరచూ కనిపిస్తుంది. ఒకసారి లెక్క వేద్దాం. మామూలు సోయా సాస్‌ ఒక టేబుల్‌ స్పూన్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. కప్పులో మూడో వంతు అంటే ఐదు టేబుల్‌ స్పూన్లకు పైనే. నలుగురు పంచుకుంటే మనిషికి 1,200 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు లెక్కలో చెబితే 3 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటోంది. ఒక్క చేప ముక్కతోనే సగానికి పైగా అయిపోయింది. ఇంకా ఉదయం ఇడ్లీ, చట్నీ, మధ్యాహ్నం పప్పు, పచ్చడి, పెరుగన్నంలో ఊరమిరపకాయ లెక్కలోకి రాలేదు.

చక్కెర సంగతీ అంతే. మూడో వంతు కప్పు బ్రౌన్‌ షుగర్‌ను గట్టిగా నొక్కి కొలిస్తే 70 గ్రాములు దాటుతుంది. మనిషికి 18 గ్రాముల దాకా పడుతుంది. పైనుంచి కలుపుకొనే చక్కెర రోజుకు సుమారు 25 గ్రాముల్లోపు ఉంటే మేలని అదే సంస్థ సూచన. కాఫీ, టీలు తాగే మనకు మిగిలేది ఎంత?

‘నానబెట్టిన రసం పారబోస్తాం కదా, మొత్తం ఒంట్లోకి వెళ్లదు’ అని మీరు అనొచ్చు. నిజమే. పారబోస్తే సగానికి పైగా పోతుంది. కానీ చాలామంది పారబోయరు. దాన్నే మరిగించి, చిక్కబరిచి అన్నం మీద పోసుకుంటారు. రుచంతా అందులోనే ఉందనిపిస్తుంది మరి! అప్పుడు లెక్కలో ఒక్క గ్రాము కూడా తగ్గదు.

మరో అపోహ. చక్కెర బదులు బెల్లం, తేనె వేస్తే మధుమేహం ఉన్నవారికి ఫర్వాలేదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. బెల్లమైనా, తేనైనా, బ్రౌన్‌ షుగరైనా రక్తంలోకి వెళ్లాక చేసే పని దాదాపు ఒకటే. బ్రౌన్‌ షుగర్‌ అంటే మొలాసిస్‌ కలిసిన చక్కెరే. రుచి కోసం బెల్లం వాడండి, నాకూ అదే ఇష్టం. సాల్మన్‌ మీద పాత బెల్లం రుచి బ్రౌన్‌ షుగర్‌కన్నా బాగుంటుంది. మందులా అనుకొని మాత్రం వాడకండి.

ఎంతసేపు నానాలి?

రాత్రంతా నానబెడితే లోపలి దాకా రుచి పడుతుందని అనుకుంటాం. చేప విషయంలో ఇది పనికిరాదు. రసంలో ఉప్పు ఒక్కటే నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. చక్కెర, వెల్లుల్లి, అల్లం రుచులు పైపైన కొద్ది మిల్లీమీటర్లు దాటవు. కాబట్టి ఎక్కువసేపు నానబెడితే పెరిగేది ఉప్పే. కండ బిగుసుకుపోయి, ఎండుచేప లక్షణం కూడా వస్తుంది. నిమ్మరసం పిండి ఉంచితే ఇంకో ఇబ్బంది. పులుపు చేప ప్రొటీన్‌ను పొయ్యి మీద పెట్టకుండానే మార్చేస్తుంది. పైన తెల్లబడి పిండిలా విడిపోతుంది. అరగంట చాలు. నిమ్మకాయ చివర్లో, వడ్డించే ముందు పిండండి.

ఆ నిమ్మకాయకు ఇంకో ప్రయోజనం ఉంది. నీచు వాసనకు కారణమయ్యే అమైన్లు క్షార గుణం ఉన్నవి. పులుపు తగిలితే అవి గాల్లోకి లేవడం తగ్గుతుంది. పులుసులో చింతపండు చేసే పనే ఇది. మన అమ్మమ్మలకు రసాయన శాస్త్రం పేరు తెలియదు గానీ, పని తెలుసు.

ఇక చక్కెర. ఇది ముందుగా వేస్తే చేప ఉడికేలోపే పెనం మీద మాడిపోతుంది. తేనె మరీ తొందరగా మాడుతుంది. ఎందుకంటే అందులోని ఫ్రక్టోజ్‌ మామూలు చక్కెర కన్నా బాగా తక్కువ వేడికే రంగు మారుతుంది. పైన నల్లగా, లోపల పచ్చిగా వచ్చిందని చాలామంది వదిలేసేది ఈ కారణంగానే. పరిష్కారం జపాన్‌ వాళ్ల పద్ధతిలోనే ఉంది. తీపిని చివర్లో పూయాలి. అలా చేస్తే పూత మొత్తం నాలుక తగిలే చోటే ఉంటుంది. తక్కువ చక్కెరతో ఎక్కువ తీపి తెలుస్తుంది. తక్కువ వాడమని చెబుతున్నది పథ్యం కోసమే కాదు, వంట బాగా రావడానికి కూడా!

కరిగించడంలో జాగ్రత్త

గడ్డకట్టిన చేపను వంటింటి గట్టు మీద పెట్టి కరిగించే అలవాటు మానుకోండి. మన ఎండలకు పైభాగం గంటలో వెచ్చబడిపోతుంది, లోపల ఇంకా రాయిలా ఉంటుంది. ఆ పైభాగంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి, ఫ్రిజ్‌లో కింది అరలో, గిన్నెలో పెట్టండి.

గాలి తీసేసి గట్టిగా అంటించిన వ్యాక్యూమ్‌ ప్యాకెట్‌ అయితే, కరిగించే ముందే దాన్ని విప్పేయాలి, లేదా కనీసం ఒక పక్క కత్తిరించాలి. ఇది చాలామందికి తెలియదు. చేపల్లో ఉండే అవకాశమున్న ఒక రకం క్లోస్ట్రిడియం బాటులినం బ్యాక్టీరియా గాలి లేని చోట, ఫ్రిజ్‌ చల్లదనంలో కూడా విషాన్ని తయారుచేయగలదు. గాలి తగిలితే దాని ఆట సాగదు. ఇలా జరగడం అరుదే. అయినా కత్తెరతో ఒక్క గాటు పెట్టడానికి బద్ధకం దేనికి?

తొందరగా కావాలంటే ఆ ప్యాకెట్‌ నుంచి తీసి, నీళ్లు పోని జిప్‌ కవర్లో వేసి, చల్లటి నీటిలో ముంచండి. అరగంటకోసారి నీళ్లు మార్చండి. వేడి నీళ్లు వద్దు. కరిగిన ముక్కను ఉప్పు, పసుపు వేసి రుద్ది కడగాల్సిన పని లేదు. శుభ్రం చేసి ప్యాక్‌ చేసిందే వస్తుంది. టిష్యూ పేపర్‌తో తడి బాగా అద్దండి. తడి ఉంటే చేప వేగదు, ఆవిరికి ఉడుకుతుంది. తర్వాత వేలి కొనతో మధ్య గీత వెంట తడిమి చూడండి. సన్నటి ముళ్లు తగిలితే శుభ్రమైన ట్వీజర్‌తో, ముల్లు వాలిన వైపుకే లాగేయండి. ముల్లు ఉండదని చెప్పి పిల్లలకు ఇచ్చే ముందు ఈ పని తప్పనిసరి.

ఇలా చేసుకోండి

నలుగురికి సరిపోయే కొలత ఇది. చర్మంతో ఉన్న సాల్మన్‌ ముక్కలు నాలుగు, ఒక్కోటి 125 గ్రాములు. సోయా సాస్‌ రెండు టేబుల్‌ స్పూన్లు. బెల్లం తురుము ఒక టేబుల్‌ స్పూన్‌, లేదా తేనె రెండు టీ స్పూన్లు. సన్నగా దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అంగుళం అల్లం. మిరియాల పొడి అర టీ స్పూన్‌. కారం కావాలంటే ఎండుమిర్చి గింజలు తీసి కచ్చాపచ్చాగా దంచి వేసుకోండి. నువ్వుల నూనె ఒక టీ స్పూన్‌. నీళ్లు రెండు టేబుల్‌ స్పూన్లు. ఒక నిమ్మకాయ. ఉప్పు వేయొద్దు. సోయా సాస్‌లో ఉన్నదే ఎక్కువ.

ఈ కొలతతో, రసం మొత్తం తిన్నా మనిషికి 450 మిల్లీగ్రాముల సోడియం, 3 గ్రాముల చక్కెరకు మించదు. ఇంట్లో బీపీ ఉన్నవారికైతే సోయా సాస్‌ ఒక్క టేబుల్‌ స్పూనే వేసి, తగ్గిన దాన్ని నీళ్లతో భర్తీ చేయండి. వెల్లుల్లి, అల్లం, మిరియాలు కాస్త పెంచి, చివర్లో నిమ్మరసం ధారాళంగా పిండితే ఉప్పు తగ్గిన సంగతి నాలుకకు పెద్దగా తెలియదు. సోయా సాస్‌ సీసాల్లో కంపెనీని బట్టి ఉప్పు మారుతుంది. కొనేముందు వెనక చీటీలో సోడియం ఎంతో చూడండి.

సోయా సాస్‌, వెల్లుల్లి, అల్లం, మిరియాలు, నూనె, నీళ్లు కలిపి, రెండు గిన్నెల్లోకి సగం సగం పోయండి. ఒక సగంలో బెల్లం వేయకుండా చేప ముక్కలకు పట్టించి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. రెండో సగంలో బెల్లం కలిపి, చిన్న గిన్నెలో రెండు మూడు నిమిషాలు సన్న సెగ మీద మరిగించండి. చెంచా వెనక అంటుకునేంత చిక్కబడితే చాలు, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. పచ్చి చేప తగిలిన రసాన్ని దీనిలో కలపకండి. అది పారబోయాల్సిందే. మొదటే విడిగా తీసిపెట్టమన్నది అందుకే.

దోసెలు పోసే ఇనుప పెనం బాగా అలవాటుపడి నున్నగా ఉంటే అదే వాడండి, లేదంటే నాన్‌స్టిక్‌. సాల్మన్‌లోనే నూనె ఉంది కాబట్టి ఒక టీ స్పూన్‌ నూనె పెనమంతా రుద్దితే చాలు. మధ్యస్థంగా వేడెక్కాక, ముక్కలకు అంటుకున్న వెల్లుల్లి, అల్లం తుడిచి, చర్మం వైపు కిందకు పెట్టండి. మొదటి పది సెకన్లు అట్లకాడతో మెల్లగా అదిమితే చర్మం ముడుచుకోదు. ఇక కదపకండి. అంగుళం మందం ఉన్న ముక్కకు ఐదారు నిమిషాలు పడుతుంది. పక్క నుంచి చూస్తే రంగు మారుతూ కింది నుంచి పైకి రావడం కనిపిస్తుంది. మూడు వంతుల దాకా మారాక తిరగేసి రెండు నిమిషాలు ఉంచండి. అప్పుడు సెగ తగ్గించి, మరిగించి ఉంచిన బెల్లం రసాన్ని పైన పూయండి. నిమిషంలో మెరుపు వచ్చేస్తుంది. దించి రెండు నిమిషాలు ఆగి నిమ్మకాయ పిండండి.

ఓవెన్‌ లేదా ఓటీజీ ఉంటే 200 డిగ్రీలకు ముందే వేడిచేసి, ట్రేలో ఫాయిల్‌ పరిచి 10 నుంచి 12 నిమిషాలు. చివరి మూడు నిమిషాల ముందు తీసి పూత పూయాలి. ఎయిర్‌ ఫ్రయ్యర్‌లో ఏడెనిమిది నిమిషాలకే అవుతుంది. అక్కడా పూత చివర్లోనే.

ముక్కల పక్కన తెల్లటి పాలవిరుగుడు లాంటిది పొంగితే చేప పాడైందని భయపడకండి. అది అల్బుమిన్‌ అనే ప్రొటీన్‌. వేడి ఎక్కువైతేనో, ఎక్కువసేపు ఉడికితేనో బయటికి వస్తుంది. తినొచ్చు. వచ్చే వారం సెగ కాస్త తగ్గించండి, అంతే.

ఉడికిందా లేదా అన్నది ఫోర్కుతో మందమైన చోట గుచ్చి తిప్పితే తెలుస్తుంది. పొరలు పొరలుగా విడిపోయి, లోపల గాజులా మెరిసే పచ్చిదనం పోయి ఉండాలి. హోటళ్లలో మధ్యలో కొంచెం పచ్చిగా వడ్డిస్తారు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఆ ఫ్యాషన్‌ వద్దు. వంటగది థర్మామీటర్‌ ఉంటే లోపల 63 డిగ్రీల సెల్సియస్‌ చూపాలి. అమెరికాలో ఆహార భద్రత అధికారులు చెప్పే కొలత ఇదే.

పళ్లెంలో పక్కన ఏముంది?

చేపలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, వడియాలు, అప్పడం పెట్టుకుంటే చేసిందంతా వృథా. ఈ ముక్కకు తోడు ఆవిరి మీద ఉడికించిన బీన్స్‌, క్యారెట్‌, బ్రకోలీ, పచ్చి కీర ముక్కలు బాగుంటాయి. అన్నం ఒక కప్పు. మధుమేహం ఉన్నవారైతే అన్నం తగ్గించి కూరగాయలు పెంచుకోవాలి. జొన్న రొట్టెతోనూ నాకైతే బాగుందనిపించింది, మా ఇంట్లో అందరూ ఒప్పుకోలేదు గానీ.

కొందరు మాత్రం ఆగి ఆలోచించాలి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె వేసిన పూత చుక్క కూడా తగలనీయకండి. తేనెలో ఉండే బాటులినం బీజాలు మన వంట వేడికి చావవు, పసిపిల్లల పేగుల్లో ప్రమాదకరం కావొచ్చు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది కాబట్టి గ్లూటెన్‌ పడనివారు చీటీ చదవాలి. కిడ్నీ సమస్య ఉన్నవారు ‘లో సోడియం’ అని రాసిన సాస్‌లు, ఉప్పులు సొంతంగా మొదలుపెట్టొద్దు. కొన్నింటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. యూరిక్‌ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారు ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడగాలి. గర్భిణులకు సాల్మన్‌ మంచి ఎంపికే. పెద్ద సముద్రపు చేపలతో పోలిస్తే ఇందులో పాదరసం తక్కువ. బాగా ఉడికించి, వారానికి రెండు మూడు సార్లు తినొచ్చు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు ఇంత మంచిదని విని ఫిష్‌ ఆయిల్‌ క్యాప్సూల్స్‌ కూడా కొనేయకండి, వాటికి డాక్టర్‌ అనుమతి కావాలి. చేప తింటున్నాం కదా అని బీపీ మాత్ర మానేయడం అసలే కుదరదు.

సాల్మన్‌ లేకపోతే?

ధర చూసి వెనకడుగు వేస్తున్నారా? అవమానం ఏమీ లేదు. ఇదే పూత మన కానాగుర్తలకు అద్భుతంగా కుదురుతుంది. అదీ ఒమేగా-3 ఉన్న చేపే, ధర చాలా తక్కువ. కానాగుర్త పేరుకు ఓ చిన్న గొప్ప కూడా ఉంది. పాట్రిక్‌ రస్సెల్‌ అనే స్కాట్లాండ్‌ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన చేపల గురించి 1803లో పుస్తకం వేశాడు. వాటికి స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే అందులో రాసుకున్నాడు. అలా ఈ చేప శాస్త్రీయ నామం ‘రాస్ట్రెల్లిగర్‌ కానాగుర్త’లో మన మాటే నిలిచిపోయింది.

కానాగుర్తలకైతే తల, పొట్ట తీయించి, రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టి, నానబెట్టే రసం ఆ గాట్లలోకి వెళ్లేలా పట్టించండి. ఇది సంతలో తెచ్చుకునే చేప కాబట్టి కడగడం మామూలే. ముళ్లుంటాయి, పిల్లలకు ఒలిచి పెట్టాలి. మధ్యస్థ సెగ మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, చివర్లో పూత. వంజరం ముక్కలకూ ఇదే పద్ధతి. అయితే వంజరం లాంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కాబట్టి గర్భిణులకు, చిన్నపిల్లలకు కానాగుర్తలే మేలు. పులసకు మాత్రం ఈ పూత జోలికి పోకండి. అన్ని ముళ్లతో అది పెనం మీద తినే చేప కాదు, పులుసుకు పుట్టిందే!

మిగిలిన ముక్కలను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన వేసవిలోనైతే గంట కూడా ఆగొద్దు. రెండు రోజుల్లో తినేయండి. మళ్లీ వేడిచేసేటప్పుడు మైక్రోవేవ్‌లో పెద్ద మంట మీద తిప్పితే చేప రబ్బరులా అవుతుంది, వాసన అపార్ట్‌మెంట్‌ కారిడార్‌ దాకా వెళ్తుంది. పెనం మీద మూత పెట్టి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి సన్న సెగ మీద వేడి చేస్తే మెత్తగా ఉంటుంది. లేదంటే వేడే చేయొద్దు. చల్లటి ముక్కను వేళ్లతో చిదిపి, ఉల్లిపాయ, కీర, కొత్తిమీర, నిమ్మరసం కలిపి మర్నాడు ఆఫీసు డబ్బాలో పెట్టుకోండి. మధ్యాహ్నం దాకా డబ్బా ఆఫీసు ఫ్రిజ్‌లో ఉండాలి సుమా.